టైలరమ్మ వదులు ఉంచని చోటు

మా వీధిలో పిల్లల బట్టలంటే టైలరమ్మే. ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది గానీ, ఆ పేరుతో పిలిస్తే ఆమే వెంటనే పలకదు. మలుపు దగ్గర, బేకరీ పక్కన ఒక్క గది కొట్టు. కిటికీ పక్కన ఆమె మిషను, గోడ వారగా పొడుగాటి బల్ల, ఆ బల్ల చివర కాజాలు తీసుకుంటూ, గుండీలు కుట్టుకుంటూ నేను. పొద్దున్నే కిటికీలోంచి ఎండ వచ్చి మిషను మీద పడుతుంటే, ఇవాళ కూడా చేతికి పనిచ్చావు తండ్రీ అని నేను దణ్ణం పెట్టుకోని రోజు లేదు.

టైలరమ్మ పనితనం బట్ట పైన కనబడదు, తిరగేస్తే కనబడుతుంది. అంచులో ఒక మడత, నడుము దగ్గర ఒకటి, చేతుల దగ్గర ఇంకొకటి దాచి కుడుతుంది. కొలత తీసేటప్పుడు టేపు కింద రెండు వేళ్లు దూర్చి, "పెరిగే పిల్ల కదమ్మా" అంటుంది. ఏడాది తిరిగేసరికి తల్లులు అదే గౌను పట్టుకొస్తారు. ఆమె బ్లేడుతో కుట్టు విప్పి, మడత వదిలి, ఇస్త్రీ చేసి చేతికిస్తుంది. ఏమిమ్మంటావు అని అడిగితే, "కుట్టినప్పుడే ఇచ్చారుగా! ఇప్పుడు విప్పానంతే" అంటుంది. అలా ఆమె పొడుగు చేసిన గౌనుల్లో పెరిగి పెద్దవాళ్లయిన ఆడపిల్లలు మా వీధిలో చాలామందే ఉన్నారు.

ఆమె మనవరాలిని అందరూ బఠాణీ అంటారు. నెల తక్కువగా పుట్టింది. గాజు పెట్టెలో ఉన్న ఆ గుప్పెడంత పిల్లను చూసి, ఆమె భర్త కళ్లు తుడుచుకుంటూ, "బఠాణీ గింజంత ఉందే" అన్నాడట. ఆ పేరే నిలిచింది. ఆ రోజుల్లో టైలరమ్మ బొమ్మలకు కుట్టే కొలతలతో చొక్కాలు కుట్టింది. వాటికి కూడా లోపల మడతలు పెట్టింది. "ఇంత చిన్నదానికి మడతెందుకక్కా?" అంటే, "పెరగదూ మరి! పెరుగుతుందని మనం అనుకోకపోతే ఎవరనుకుంటారు?" అంది. నేను ఆ చొక్కాలకు సరిపోయే చిన్న గుండీలు వెతికాను.

దేవుడి దయవల్ల పెరిగింది. నాలుగు నిండాయి. ఇప్పుడు బడికి పోయి, వాళ్ల టీచరమ్మకే నడకలు నేర్పేంతటిదైంది.

చిక్కు ఆ పెరగడంతోనే వచ్చింది. బఠాణీ తల్లి ఆసుపత్రి ల్యాబులో పని చేస్తుంది. వచ్చే సోమవారం నుంచి ఆమె డ్యూటీ వేళలు మారుతున్నాయి. మధ్యాహ్నం బడి వదిలే వేళకు రావడం కుదరదు. అల్లుడిది దూరం పోయే ఉద్యోగం. ఈ కబురు విన్న రోజు టైలరమ్మ మొహం చూడాలి! మిషను ఆపేసి, "నేనున్నాగా, నా కారుంది" అంది.

కారు నడపడం ఆమె జుట్టు నెరిశాక నేర్చుకుంది. భర్త బస్సు డ్రైవరు. చూపు మందగించి ఆయన స్టీరింగు వదిలేశాక, ఇంటి ముందు కారు ఊరికే పడుందని ఆమెకు ఆయనే నేర్పాడు. ఇప్పటికీ పక్కన కూర్చుంటే కాలితో లేని బ్రేకు తొక్కుతుంటాడు. ఆమె తాళం తిప్పేముందు కళ్లు మూసుకుని చేతులు జోడిస్తే, "దేవుడు వెనకాలే ఉన్నాడు గానీ, ముందు అద్దం సరిచేసుకోవే" అంటాడు.

కూతురు వెంటనే సరే అనలేదు. శుక్రవారం సాయంత్రం కొట్టుకొచ్చి, మెల్లగానే చెప్పింది.

"అమ్మా, దాని పాత సీటు చూశావా? బెల్టులు వీపు వెనక ఏ చీలికల్లోంచి వస్తాయో, వాటిలో అన్నిటికంటే పైదాన్ని కూడా దాటిపోయాయి దాని భుజాలు. ఇక ఆ సీటు పనికిరాదు. కొత్తది కొనాలి. అది దానికి సరిగ్గా కుదిరితేనే నీ కారెక్కుతుంది. కుదరకపోతే సోమవారం నుంచి బడి వ్యానుకు చెప్పేస్తాను."

"వ్యానా? బఠాణీ వ్యానులోనా? పరాయివాళ్ల మధ్య నిద్రపోతుందే అది!"

"అందుకే అంటున్నా. ఆదివారం వచ్చి చూస్తాను."

ఆ పిల్లను బడి నుంచి తెచ్చి, కొట్టులో తన మిషను పక్కన కూర్చోబెట్టుకోవాలని టైలరమ్మకు ఎన్నాళ్లుగానో ఆశ. బఠాణీ మధ్యాహ్నాలు అమ్మమ్మవో, బడి వ్యానువో ఆ సీటే తేల్చబోతోంది.

మర్నాడు పొద్దున్నే ఆమె నాతో చెప్పకుండా వెళ్లి సీటు తెచ్చేసింది. వీపు లేని, పీటలాంటి బూస్టరు. దాని మీద పిల్లను కూర్చోబెట్టి, పెద్దవాళ్లు పెట్టుకునే కారు బెల్టే పెడతారు. "చూడు చెల్లీ, పది పన్నెండేళ్లదాకా వస్తుందట! ఆ వీపున్న సీటు తెస్తే మళ్లీ రెండేళ్లకే మార్చాలి" అని మురిసిపోయింది. పైగా రాత్రికి రాత్రే దానికొక దూది మెత్త కుట్టి, పువ్వుల గుడ్డ తొడిగింది. మెత్తకూ లోపల మడత పెట్టిందని వేరే చెప్పాలా?

ఆదివారం కూతురు వచ్చింది. బఠాణీ పువ్వుల మెత్త మీద రాణిలా ఎక్కి కూర్చుంది. బెల్టు పెట్టారు. అది భుజం మీద కాకుండా మెడను ఒరుసుకుంటూ పోయింది. పిల్ల చిరాకు పడి చంక కిందికి తోసేసుకుంది. నడుము పట్టీ తొడల మీద ఉండాల్సింది పొట్ట మీదికెక్కింది. మెత్తమీంచి పిల్ల ముందుకు జారింది.

"కొంచెం పెద్దదే. పెరిగే పిల్ల కదా..." అంది టైలరమ్మ. గొంతులో ఎప్పుడూ ఉండే ధీమా లేదు.

కూతురు మెత్తను చూసింది, తల్లి మొహం చూసింది. కోప్పడలేదు. "ఎంత బాగా కుట్టావమ్మా. కానీ ఇలా కాదు. వ్యానుకు చెప్పేస్తాను, ఏమీ అనుకోకు" అంది.

"సాయంత్రందాకా ఆగవే. ఆ సీట్లమ్మే కొట్టు తీసే ఉంటుంది. మార్చుకొస్తాను."

"ఈసారి పిల్లను కూడా తీసుకుపో అమ్మా. నువ్వయినా పిల్లను చూడకుండా గౌను కుడతావా?"

ఆ మాట టైలరమ్మకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. నావైపు తిరిగి, "నువ్వూ రా" అంది. పాత సీటు ఇంకా కూతురి కారులోనే ఉండటంతో, ఈ ఒక్కసారికి పిల్లను దాంట్లోనే కూర్చోబెట్టి, కూతురే మమ్మల్ని నెమ్మదిగా ఆ కొట్టు ముందు దింపి వెళ్లింది. టైలరమ్మ పిల్ల పక్కన కూర్చుంది కాబట్టి, ఆమె కారును ఆమె భర్త, అంటే మా బావగారు, పక్కింటి మేస్త్రీ చేత నడిపించుకుంటూ మా వెనకే వచ్చాడు. "ముగ్గురు ఆడాళ్లు, ఒక బఠాణీ, రెండు కార్లు. పెళ్లివారు తరలినట్టుంది" అని ఆయన నవ్వు.

కొట్టులో అమ్మే అమ్మాయి, మెళ్లో కళ్లద్దాలు వేలాడేసుకుని, పిల్లతోనే ముందు మాట్లాడింది. "నీ పేరేంటమ్మా?"

"బఠాణీ. కానీ నేను చిన్నదాన్ని కాదు."

"కాదు, కాదు. కారులో నిద్రపోతావా?"

"పోను" అంది బఠాణీ.

"రోజూ పోతుంది" అంది టైలరమ్మ. "మలుపు తిరిగేలోగా తల వాలుస్తుంది."

ఆ అమ్మాయి తలూపింది. "అందుకే ఈ బూస్టరు ఇప్పుడే వద్దమ్మా. నిద్రలో ఒరిగితే ఒళ్లు బెల్టు కిందనుంచి తప్పుకుంటుంది. కదలకుండా, బెల్టు తీసుకోకుండా కూర్చునే వయసు వచ్చాక చూద్దాం. ఇప్పటికి సీటుకే ఉండే, ఒంటికి కట్టే బెల్టులే ఉండాలి, కాకపోతే ఇంకాస్త ఎత్తు సీటు."

"ఇదైతే రేపటికి కూడా పనికొస్తుందని తీసుకున్నానమ్మా."

"కారు ఇవాళే నడుపుతారు కదమ్మా" అందా అమ్మాయి, ఎంతో మర్యాదగా.

ఒక సీటు తెచ్చి టైలరమ్మ కారు వెనక బిగించింది. మోకాలు దాని మీద ఆనించి, బలమంతా పెట్టి బెల్టు లాగింది. పైపట్టీని సీటు వెనక ఉన్న కొక్కేనికి తగిలించింది. ఇటూ అటూ ఊపి చూస్తే, కారు ఊగింది గానీ సీటు కదల్లేదు. బఠాణీ ఎక్కింది. బెల్టులు సరిగ్గా భుజాల పైనుంచి వచ్చాయి. పైన ఇంకా ఖాళీ చీలిక కనబడుతోంది. టైలరమ్మ చూపు ముందు దానిమీదికే పోయింది. "అదిగో, పెరగడానికి చోటుంది!"

"చోటు సీటులో ఉంటుందమ్మా. బెల్టులో ఉండకూడదు. చలికని వేసిన ఆ మందం కోటు విప్పేయండి, దాని కింద బెల్టు బిగిసినట్టే ఉంటుంది గానీ బిగవదు. ఇప్పుడు మీరు బిగించండి."

టైలరమ్మ బిగించింది. ఆ అమ్మాయి పిల్ల భుజం దగ్గర బెల్టును బొటనవేలితో, చూపుడువేలితో గిల్లి చూసింది. పట్టీ మడతపడి వేళ్లకు దొరికింది. "ఇలా దొరక్కూడదు. ఇంకాస్త."

అది చూసి నేనూ టైలరమ్మా ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకున్నాం. గిల్లి చూడటం ఆమె రోజూ చేసే పనే. బట్ట వేసి చూసేటప్పుడు పిల్ల పక్కన అలాగే రెండు వేళ్లతో పట్టి, వదులు దొరికితే, "ఆఁ, బాగుంది" అంటుంది. దొరక్కపోతే కుట్టు విప్పేస్తుంది. ఇక్కడ అంతా తల్లకిందులు.

ఆమె ఇంకాస్త లాగింది. గిల్లింది. మళ్లీ లాగింది. "నొప్పా తల్లీ?"

"లేదు. పట్టుకున్నట్టుంది" అంది బఠాణీ.

టైలరమ్మ ఆ బెల్టునోసారి తడిమింది. తర్వాత నావైపు తిరిగి, "చెల్లీ, మన అంగుస్తానా" అంది. సూది గుచ్చుకోకుండా మేం వేలికి తొడుక్కునే ఇనప టోపీ అది. "అది వదులుగా ఉంటే ఏమవుతుంది?"

"ఊడిపోతుంది, సూది వేల్లో దిగుతుంది."

"మరి ఇన్నాళ్లూ నాకెందుకు తట్టలేదే!" అని తన నుదుటిమీద తనే కొట్టుకుని నవ్వింది. బూస్టరు మార్చి ఇచ్చేటప్పుడు ఆ అమ్మాయి, పువ్వుల మెత్తను జాగ్రత్తగా మడిచి సంచీలో పెట్టి, "ఇది సీటు మీద వేయకండమ్మా, కానీ పారేయొద్దు, ఎంత బాగుందో" అంది. టైలరమ్మ దాన్ని అక్కడే ఆ అమ్మాయి కూర్చునే చెక్క కుర్చీ మీద పరిచేసి వచ్చింది. "రోజంతా నిలబడుతున్నావు, కూర్చున్న కాసేపైనా మెత్తగా కూర్చో" అంది.

ఇంటికొచ్చాక కూతురు కారు వెనక తలుపు తీసింది. సీటు ఊపింది. భుజం దగ్గర బెల్టు గిల్లింది. వేళ్లకు ఏమీ దొరకలేదు. రెండో భుజం చూసింది. అక్కడా లేదు. టైలరమ్మ పరీక్ష రాసిన పిల్లలా కొంగు చివర వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"నాన్నా, నువ్వు చూడు."

"నాకేం కనబడుతుందే! నా చెయ్యి పట్టుకెళ్లి అక్కడ పెట్టు" అన్నాడు బావగారు. తడిమి, గిల్లబోయాడు. "మీ అమ్మ నా చొక్కా ఒక్కటైనా ఇలా కుట్టుంటే నేనూ సినిమా హీరోలా ఉండేవాణ్ణి."

"మీరూ పెరుగుతూనే ఉన్నారు కదండీ, నడుము దగ్గర" అంది టైలరమ్మ. అప్పుడు కూతురు కూడా నవ్వేసింది.

"అమ్మా, రేపు బడి వదిలేముందే అక్కడుండు. అది బయటికి రాగానే నిన్నే వెతుక్కుంటుంది."

టైలరమ్మ వేలికి చుట్టిన కొంగు వదిలేసింది. తలూపి లోపలికెళ్లి, చాలాసేపు మంచినీళ్లు తాగింది.

సోమవారం మధ్యాహ్నం నేను కిటికీ దగ్గరే కుట్టుకుంటూ రోడ్డు చూస్తున్నాను. కారు వచ్చి చెట్టు నీడలో ఆగింది. ఎవరూ దిగలేదు. నేను కంగారుపడి గడప దాటాను. వెనక తలుపు తెరిచే ఉంది. బఠాణీ తల సీటుకే ఉన్న పక్క మెత్తమీద వాలి ఉంది. నోరు కొంచెం తెరుచుకుంది. బెల్టులు ఎక్కడివక్కడే ఉన్నాయి. వాటి పైనుంచి, కోటుకు బదులు, కొత్త దుప్పటి కప్పి ఉంది. టైలరమ్మ పక్కన కూర్చుని, వేలికి అంగుస్తానాతో ఆ దుప్పటి చివర కుడుతోంది.

"లేపొద్దు చెల్లీ. బడి దగ్గర ఏమందో తెలుసా? అందరు పిల్లల ముందూ 'అమ్మమ్మా, గిల్లు!' అని అరిచింది. వాళ్ల టీచరమ్మ హడలిపోయింది. 'నన్ను కాదు టీచర్, బెల్టుని' అని అదే చెప్పింది."

నేను నవ్వాపుకుంటూ దుప్పటి అంచు తిరగేశాను. లోపల, నా నాలుగు వేళ్లంత మడత ఉంది.

"దుప్పటేగా" అంది టైలరమ్మ, నా చేతిలోంచి అంచు లాక్కుని. "పెరిగే పిల్ల."

నేను లోపలికెళ్లి రెండు టీలు పెట్టి, ఒకటి ఆమెకు కారు దగ్గరికే తెచ్చిచ్చాను. ఆ మధ్యాహ్నం కొట్టుకొచ్చిన ఇద్దరు తల్లులకూ కొలతలు నేనే తీశాను. టేపు కింద రెండు వేళ్లు మరిచిపోలేదు.