నీటి మీద పురుడు

2015 వేసవిలో నేను శ్రీకాకుళం జిల్లాలోని ఒక తీర మండలానికి తహశీల్దారుగా వెళ్ళాను. కొత్త కుర్చీకి అలవాటు పడకముందే, ఇంజను చెడిపోయిన ఒక కొయ్య ఓడ మా మత్స్యకార పేటకు ఎదురుగా లంగరు వేసింది. సొంత దేశంలో ఇళ్ళు తగలబడితే పిల్లాపాపలతో సముద్రం మీద పడ్డ శరణార్థులు అందులో ఉన్నారు.

పైనుంచి వచ్చిన ఆదేశం ఒకటే: తిండి, నీళ్ళు, మందులు పంపండి, ఎవరినీ గట్టు మీద కాలు పెట్టనివ్వకండి. పునరావాసం చూసే సంస్థ వాళ్ళను వేరే రాష్ట్రంలోని శిబిరానికి తీసుకుపోవడానికి ఒప్పుకుంది. అంతదాకా ఎక్కడ ఉంచుతామో చూపిస్తేనే దింపడానికి అనుమతి. మాకున్న చోటల్లా పేటలోని తుఫాను షెల్టరు. పేట ఒప్పుకోకుండా దాన్ని ఇవ్వడానికి లేదు.

అవి సముద్రంలో చేపల వేట నిషేధం రోజులు. మరబోట్లు కదలకూడదు, తెడ్ల తెప్పలకు మాత్రం మినహాయింపు. నీళ్ళ బిందెలు వాటి మీదే వెళ్ళేవి. నేను కాలుగాలిన పిల్లిలా ఒడ్డంతా తిరిగేదాన్ని. ఓడకు వెళ్ళొచ్చిన డాక్టరు, ఒక అమ్మాయికి నెలలు నిండాయని, రక్తపోటు ఎక్కువగా ఉందని, అక్కడే కంటే తల్లీబిడ్డా దక్కరని చెప్పారు. వెంటనే ఆర్డీవోగారికి ఫోను చేశాను. ఒక్కరిని దింపినా అందరినీ దింపినట్టే లెక్క, ముందు చోటు చూపించండి అన్నారు.

పేటలో సభ పెట్టాను. చేపల బేరం చేసే పోలమ్మ అక్కడి ఆడవాళ్ళకు పెద్ద దిక్కు. ఆవిడే లేచింది.

"తుఫానుకి మా ఇల్లు పోనాయి. ఇప్పటికీ నేవు. ఆ షెల్టరు కూడా ఆల్లకిచ్చేస్తే, రేపు గాలొస్తే మేమెక్కడికి పోవాలమ్మా?"

న్యాయమైన ప్రశ్న. అయినా నేను మానవత్వం గురించి గొంతు పెంచి మాట్లాడాను. ఎవరూ కరగలేదు. ఒళ్ళు మండిపోయి లేచాను. రోగి సంగతి బయట పెట్టకూడదని అంతవరకూ దాచిన మాట నోరు జారింది.

"సరే, మీ పుణ్యమా అని నెలలు నిండిన ఆ పిల్ల ఓడ మీదే కంటుంది!"

వెళ్ళిపోబోతున్న పోలమ్మ వెనక్కి తిరిగింది. "ఏటీ? నీటి మీద పురుడా? ఆ ముక్క ముందే సెప్పవేటమ్మా!"

ఆ పేటలో ఒక పట్టింపు ఉంది. సముద్రం మీద పురుడు పడితే గంగమ్మకు మైల. నిషేధం ఎత్తేసినా ఆ నీళ్ళలో ఎవరూ వల వెయ్యరు. ఈ సంగతి నాకు అప్పుడే తెలిసింది.

"తెప్పలు తియ్యండ్రా!" అని పోలమ్మ మగవాళ్ళను కేకేసింది. "ఒక్కదాన్నే తేకండి. పురిటాలి సుట్టూ దాని మనుసులుండాల." ఓడలో ఉన్నవాళ్ళంతా ఆ అమ్మాయి మనుషులేనని అక్కడికక్కడే తీర్మానమైపోయింది. షెల్టర్లో ఉన్న వలలు, ఎండు చేపల తట్టలు బయట పడ్డాయి. ఆర్డీవోగారు మాట మీద నిలబడి వెంటనే అనుమతి ఇప్పించారు. ఆస్పత్రికి చేర్చే వ్యవధి లేక డాక్టరు షెల్టర్లోనే పురుడు పోశారు. ఆడపిల్ల. ఇద్దరూ దక్కారు. నేను గోడకు చేరబడి ఏడ్చాను.

తరవాత సంస్థవాళ్ళు బస్సులు తెచ్చారు. పోలమ్మ అడ్డం నిలబడింది.

"పురిటి నీల్లు పొయ్యకుండా బాలింతని గుమ్మం దాటిస్తారేటి?"

సంస్థ అధికారి నా వైపు చూశాడు. బస్సులు ఆపమన్నాను. మా భాష ఒక్క ముక్క రాని ఆ అమ్మాయికి పేట ఆడవాళ్ళు పసుపు రాసి నీళ్ళు పోసి, తల ఆరబెట్టాకే పంపారు.

పేటకు జాలి కలగబట్టే ఓడ ఖాళీ అయిందని చాలామంది అనుకున్నారు. నేను జాలి అడిగాను, దొరకలేదు. వాళ్ళను గట్టెక్కించింది మైల భయం. ఆ తరవాత ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఏ ఊరికి వెళ్ళినా, సర్కారు ఉత్తర్వు చదివే ముందు, మీ ఊళ్ళో ఏది కూడదో చెప్పండని అడిగేదాన్ని.