ముప్పై ఏడు గ్లాసులు, ఒకటే వైను

మా కింది వాటా బాబాయ్‌కి వైను తాగడానికి పది నిమిషాలు చాలు. అది ఏ గ్లాసులో తాగాలో తేల్చుకోవడానికి మాత్రం గంటన్నర కావాలి. ఆ గంటన్నరా మనం నోరు కట్టుకుని కూచోవాలి. పోనీ దాహమేస్తోందని మంచినీళ్ళడిగితే, "మంచినీళ్ళా? ఆగు, దానికి వేరే గ్లాసుంది" అని మళ్ళీ మొదటికొచ్చే రకం.

ఆయన నాకు సొంత బాబాయేం కాదు. ఆ ఇంట్లో మేడ మీద గది నాది, కింది వాటా ఆయనది. వీధి చివర కళ్ళద్దాల షాపులో ముప్పై ఏళ్ళుగా పని. పెళ్ళీ పెటాకులూ లేవు. ఆస్తంటారా, గాజు తలుపుల అలమర ఒకటి, అందులో ముప్పై ఏడు గ్లాసులు. పొడుగు కాడవి, పొట్టివి, పొట్ట వచ్చినవి, నడుమే లేనివి. ఇన్ని గ్లాసులుంటే ఎన్ని రకాల వైనులుంటాయో అనుకుంటాం కదా. ఒకటే రకం. మూల మీద కొట్లో అన్నిటికంటే కింది అరలో దొరికేది, వారానికొక సీసా, అదీ నలుగురికి.

నేను ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఉద్యోగానికి ఆ ఊరొచ్చాను. పుట్టి బుద్ధెరిగి ఎవరూ తెలీని చోట ఉండటం అదే మొదలు. వారమంతా అచ్చుతప్పులతో గడిచిపోయేది. శనివారం మధ్యాహ్నం ప్రెస్సు మూసేస్తే, సోమవారం పొద్దున దాకా నన్ను పలకరించే ప్రాణి లేదు. ఒక సోమవారం ప్రెస్సులో మాట్లాడబోతే గొంతు పెగల్లేదు. జలుబు చేసిందా అనడిగారు. అవునన్నాను. రెండు రోజులుగా వాడలేదని చెప్పుకోలేం కదా.

బాబాయ్‌తో పరిచయం షాపులోనే అయింది. కళ్ళజోడు జారిపోతోందని వెళ్తే, స్కేలు తీసి నా కళ్ళ మధ్య కొలిచారు. ముక్కు కొలిచారు. అంతటితో ఆగకుండా ముక్కు కొస నుంచి పైపెదవి దాకా కొలిచారు.

"కళ్ళజోడుకి పెదవెందుకండీ?"

"కళ్ళజోడుకి కాదు. నీది పొడుగు ముక్కు. ఇరుకు గ్లాసైతే అంచు అడ్డుపడి వైను మీసాల్లోకి పోతుంది. శనివారం ఆరింటికి కిందికి రా, నీకు సరిపోయేది నా దగ్గరుంది."

"నేను వైను తాగుతానని మీకెవరు చెప్పారండీ?"

"ఎవరూ చెప్పలేదు. గ్లాసు చూశాక నువ్వే చెబుదువుగాని."

వెళ్ళాను. అక్కడ ఇంకో ఇద్దరున్నారు. ఒకాయన ఎదుటి వరసలో బట్టలు కుట్టే టైలర్‌గారు, భార్య పోయి రెండేళ్ళయింది. ఇంకొకావిడ పక్కింటి సంగీతం టీచరమ్మ, రిటైరైపోయి ఒక్కతే ఉంటోంది. బాబాయ్ అలమర తెరిచి, గ్లాసు తీసి, గోటితో టంగుమనిపించి, చెవి దగ్గర పెట్టుకుని, మొహం చిట్లించి, కళ్ళద్దాలు తుడిచే గుడ్డతో తుడిచి, మళ్ళీ లోపల పెట్టేశారు. ఇంకోటి తీశారు.

"టైలర్‌గారూ, ఇవాళ మధ్యాహ్నం ఏం తిన్నారు?"

"ఏముంది గురువుగారూ, నిన్న మిగిలిందే."

"మిగిలిందా? అయితే వెడల్పు మూతిది కావాలి. టీచరమ్మా, గాలెటు నుంచి?"

"పడమటి గాలండీ."

"అయ్యో. అయితే వెడల్పు పనికిరాదు."

నా ఒక్కడి గ్లాసు తేలేసరికి ఏడున్నరయింది. వినేవాడు వెర్రివాడైతే చెప్పేవాడు వేదాంతి అని మనసులో అనుకున్నాను. కానీ పై శనివారం ఐదుంపావుకే తల దువ్వుకుని మెట్ల మీద కూచున్నాను.

నా రోగం ఏమిటంటే, ఏ మాట విన్నా రాసిపెట్టుకుంటాను. బాబాయ్ చెప్పే సూత్రాలన్నీ ఒక చిన్న పుస్తకంలో తేదీలతో సహా ఎక్కించాను. మొదటి వారం ఏమన్నారు? "గ్లాసుని కాడే పట్టుకోవాలి. అరచెయ్యి తగిలిందా, ఆ వేడికి వైను చచ్చిపోతుంది." తొమ్మిదో వారం అందరికీ అడుగు మందంగా ఉన్న పొట్టి గ్లాసులిచ్చారు, సగమే పోశారు. "రెండు చేతులతో పొదివి పట్టుకోవాలి. అరచేతి వేడి తగలకపోతే వైను నిద్రలేవదు." నాతో "వైను ముందు కంటితో తాగాలి" అంటారు. టీచరమ్మకి మాత్రం ముదురు నీలం గ్లాసిస్తారు, వంటింట్లోంచే పోసి తెస్తారు. అదేమిటంటే "రంగు కనిపిస్తే నాలుక మోసపోతుంది" అంటారు.

ఒకే వైనుకి ఇన్ని పొంతన లేని మాటలా? పొద్దస్తమానం తప్పులు పట్టే వాడి కళ్ళ ముందు ఇన్ని తప్పులు తిరుగుతుంటే చేతులూరుకుంటాయా? ఒక శనివారం పుస్తకం పట్టుకుని దిగాను.

"బాబాయ్, చిన్న సందేహం. వేడికి వైను చచ్చిపోతుందా, నిద్రలేస్తుందా?"

"నిద్రలేస్తుంది."

"మొదటి వారం చచ్చిపోతుందన్నారు."

"అది చలికాలపు మాట."

"రెండూ చలికాలంలోనే అన్నారు. తేదీలున్నాయి."

"సీసా వేరనుకుంటా."

"సీసా ఒకటే బాబాయ్. లేబుల్ చూడండి."

ఆయన చూడలేదు. తుడిచిన గ్లాసునే తుడుస్తున్నారు. నాకా, గెలిచిన ఊపు. "మొదట చెప్పిందే శాస్త్రం" అని తీర్పిచ్చి, నేనే అలమర తెరిచి నాలుగు పొడుగు కాడ గ్లాసులు తీసి నిండా పోశాను. "వద్దురా అబ్బాయ్" అని ఆయన మెల్లిగా రెండుసార్లు అన్నారు. వినబడింది. ఓడిపోయి అంటున్నారనుకున్నాను.

టైలర్‌గారు జేబులోంచి చెయ్యి తీశారు. గ్లాసెత్తారు. అది పళ్ళకి తగిలి టకటకమని చప్పుడైంది. వైను గడ్డం మీంచి కారి, ఆయన చేత్తో ఆయన కుట్టుకున్న తెల్ల చొక్కా మీద పడింది. ఆయన గ్లాసు జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, జేబురుమాలు తీసి, మళ్ళీ జేబులో పెట్టేసుకున్నారు.

"షాపులో కొంచెం పని మిగిలింది, వస్తాను" అన్నారు.

శనివారం సాయంత్రం ఆయన షాపు తెరవరని మా అందరికీ తెలుసు.

మెట్ల దగ్గర టీచరమ్మ నన్ను పట్టుకుంది. "నీకు కళ్ళజోడెందుకయ్యా, దండగ" అంది. "ఆయన చేతులు వణకబట్టి ఆర్నెల్లయింది. టైలర్ చేతులు వణుకుతున్నాయంటే ఇంకెవరైనా గుడ్డ ఇస్తారా? తెల్లారగట్టే లేచి, గంట పనికి రెండు గంటలు పట్టినా ఎవరూ చూడకుండా కత్తిరించుకుంటున్నాడు పాపం. కళ్ళజోడు మార్చుకోడానికి వెళ్తే అక్షరాల అట్ట చేతిలో నిలవలేదట. మీ బాబాయ్ కంట పడింది. ఆ వారం నుంచే రెండు చేతుల సూత్రం మొదలైంది."

నాకు తల కొట్టేసినట్టయింది.

"నా నీలం గ్లాసులో ఏముంటుందో తెలుసా? ద్రాక్షరసం. నేను మాత్రలు మింగుతాను, వైను పడదు. వద్దన్నాననుకో, ఏం జబ్బంటారు, ఎన్నాళ్ళ నుంచంటారు. మీ బాబాయ్ ఏమీ అడగలేదు. నీలం గ్లాసు తీశారు, అంతే."

"మరి నాకెందుకండీ గంటన్నర వెతికారు? నాకే జబ్బూ లేదుగా."

"మొదటి రోజు నీ మొహం నువ్వు చూసుకోలేదు. పది నిమిషాల్లో తాగేసి పైకెళ్ళిపోతే మిగతా సాయంత్రం ఏం చేసుకునేవాడివి?"

పై శనివారం టైలర్‌గారు రాలేదు. ఆరూపది దాకా చూసి, బాబాయ్ టీచరమ్మ నీలం గ్లాసూ, చేతికందిన ఇంకో రెండూ తీసి బల్ల మీద పెట్టారు.

"ఇవేనా బాబాయ్?" అన్నాను.

"ఏదో ఒకటిలే" అన్నారాయన.

ఆయన నోట ఆ మాట వింటానని నేననుకోలేదు. తాగాం. ఆరూఇరవై కల్లా నా గదిలో ఉన్నాను. ఇంకా ఎండ పోలేదు. మంచం మీద కూచున్నాను. లేచి కిటికీ దగ్గర నిలబడ్డాను. మళ్ళీ కూచున్నాను. కింద ఆయన మూడు గ్లాసులు కడుగుతున్న చప్పుడు వినబడింది, తరవాత అదీ లేదు. టైలర్‌గారు రాకపోతే ఇక శనివారాలన్నీ ఇంతే, మా నలుగురికీ ఇంతే. చేసింది నేనే. నా మీద నాకు ఏడుపొచ్చినంత పనైంది.

సోమవారం భోజనాల వేళ, పొడుగైన ప్యాంటొకటి వంకగా పట్టుకుని టైలర్‌గారి షాపుకెళ్ళాను. నన్ను చూడగానే ఆయన చెయ్యి జేబులోకి పోయింది.

"పప్పులో కాలేశానండీ. నాదే తప్పు."

"నీ తప్పేముంది? రాసుకున్నదే చదివావు. ఆయన శాస్త్రం ఉత్తదని నాకు మొదటి రోజే తెలుసు. రెండు చేతుల్తో వైను తాగే శాస్త్రం ఎక్కడైనా ఉంటుందటయ్యా? ఆయన చెప్పేవాడు, నేను నమ్మేవాణ్ణి. పాపం ఆయనకీ వినేవాళ్ళు కావాలి కదా. ఎవరికి తెలిసినా పైకి తెలియనట్టే గడిచిపోయేది. ఇప్పుడు అందరికీ తెలుసని అందరికీ తెలిసిపోయింది. ఏ మొహం పెట్టుకుని పట్టుకోను రెండు చేతుల్తో?"

తెలిసి తెలిసి ఒక్క తప్పు కూడా అచ్చుకి పోనివ్వని నేను, ఆ క్షణాన ఒకటి స్వయంగా తయారు చేశాను.

"అసలు ఆ రెండు పద్ధతులూ తప్పేనటండీ. మా ప్రెస్సులో వైను మీద ఒక పుస్తకం ప్రూఫులు దిద్దుతున్నాను. గ్లాసు అసలు చేత్తోనే ముట్టుకోకూడదట. బల్ల మీదే ఉంచి, మనమే వంగి తాగాలట. కదిపితే అడుగునున్న మడ్డి పైకొస్తుందట."

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "ఏం పుస్తకం?"

"ఇంకా అచ్చవలేదండీ."

"ఎప్పుడవుతుంది?"

"తప్పులు చాలా ఉన్నాయండీ. ఇప్పట్లో అవదు."

ఆయన ప్యాంటు అందుకుని, పొడవు చూసి, బల్ల మీద పడేశారు. "శనివారానికి కుట్టి తెస్తాలే" అన్నారు.

తెచ్చారు, ఆరింటికల్లా. నేను మడ్డి సిద్ధాంతం తడబడకుండా అప్పజెప్పాను. బాబాయ్ నన్ను చూశారు, టైలర్‌గారి జేబుని చూశారు, ప్యాంటుని చూశారు. ఆయనకి అర్థమైంది. భుజం తడతారనుకున్నాను.

"ఆ రాసినవాడెవడో వట్టి వాజమ్మ" అన్నారు. "బల్ల ఎత్తెంతో చెప్పాడా?"

"చెప్పలేదు బాబాయ్."

"చెప్పడు. మెడ నొప్పులొస్తే వాడొచ్చి చూస్తాడా? మూతి ఇరుకైతే నీలాంటి వాడి ముక్కు సంగతేంటి? చదువుకున్నవాళ్ళతో ఇదే గొడవ." అంటూ అలమర తెరిచారు. స్కేలు తీసి, బల్ల నుంచి మా గడ్డాల దాకా ఒక్కొక్కరివీ కొలిచారు. టీచరమ్మది రెండుసార్లు కొలిచారు, ఊపిరి బిగబట్టిందని. ఒక గ్లాసు టంగుమనిపించి వద్దన్నారు. ఇంకోటి వెలుతురుకి పెట్టి చూసి నిట్టూర్చారు. ఏడూనలభైకి నలుగురికీ నాలుగు గ్లాసులు తేలాయి, టీచరమ్మది మళ్ళీ నీలమే.

నలుగురం ఒక్కసారే వంగాం. టీచరమ్మ జడ ముందుకు జారి బాబాయ్ గ్లాసులో పడింది. ఆయన దాన్ని తియ్యబోయి తల నా తలకేసి కొట్టారు. నా వైనంతా బల్ల పాలైంది.

"చూశావా, నేను చెప్పలేదూ? ఎత్తు తప్పని" అన్నారు బాబాయ్.

"ఎత్తు కాదు బాబాయ్, జడ. పుస్తకంలో జడల సంగతి వేరే ఉంది."

"ఎన్నో పేజీ?"

"డెబ్భై రెండు."

"డెబ్భై రెండో పేజీకొచ్చేసరికి మనిషి దాహంతో పోతాడు."

టైలర్‌గారు నవ్వుతూ నిటారుగా కూచున్నారు. నవ్వుతూనే గ్లాసుని రెండు చేతుల్తో పట్టుకుని గటగటా తాగేశారు. తరవాత ఆ వణికే చేతులు రెండూ దాచుకోకుండా, ఖాళీ గ్లాసు మా ముందుకి చాపారు.

"మీ శాస్త్రం మీరు తేల్చుకోండి గురువుగారూ," అన్నారు, "ఈలోగా నాకింకొంచెం పొయ్యండి."