ఆషాఢంల పంపిన జరం కబురు

నాకు జరం రాలేదు. వచ్చిందని కబురు పంపిన. ఈ మాట మా అమ్మకు చెప్పలేదు, మా అత్తకు చెప్పలేదు. వాళ్లిద్దరూ పోయి ఎన్నేండ్లో అయింది. ఇప్పుడు చెప్తున్న, ఎవరేమనుకున్నా సరే.

జర్మనోని లడాయి నడుస్తున్న దినాలు. నాకు పద్దెనిమిదేండ్లు, మా ఆయనకు ఇరవై నిండినయో లేదో. మా నాయిన తొందరగ పోయిండు గనుక నా పెండ్లే ఆలస్యమైందని మా గద్వాలల అందరూ అంటుండె. మా అత్తోళ్లది ఆత్మకూరు, కృష్ణకు అవతలి ఒడ్డు. రెండిండ్లల్ల మగ్గమే బతుకు.

మా చీరకు నడుమంత నూలు, అంచులు పట్టు. మగ్గం గుంటల ఒక్కరు కూసుంటే చాలదు. పోగు మోసే నడిమి నాడె ఆయన విసిరితే, అంచు నాడె పక్కన కూసున్నోళ్లు అందియ్యాలె. పెండ్లయిన మూడు నెలలు ఆ పక్కన కూసున్నది నేనే. ఎదురుంగ మా అత్త రాట్నం తిప్పుకుంట ఉంటది, మాట్లాడనీకి లేదు. ఆయన నాడె గట్టిగ విసిరితే కోపమొచ్చిందని, మెల్లగ విసిరితే నవ్వుతుండని నాకు తెలుస్తుండె. నేను అంచు పోగు కావాలనే తెంపుతుంటి. తెగిన పోగు అతకాలంటే ఇద్దరం వంగాలె గదా! దినానికి ఎన్నిసార్లు తెంపిన్నో నాకే తెల్వదు. "ఏం పట్టు తెచ్చినవ్‌రా, ఊకె తెగుతది" అని అత్త కొడుకును తిట్టేది. సిగ్గులేనిదాన్ని, తలకాయ వంచుకొని నవ్వుకుంటి.

ఆషాఢమొచ్చింది. కొత్త కోడలు అత్త ఇంట్ల ఉండొద్దు, కొత్తల్లుడు అత్త గడప దాటొద్దు. అమ్మ వచ్చి నన్ను గద్వాలకు తోల్కపోయింది.

పది దినాలకు నూలు అమ్మే సాయిబు మా ఇంటికొచ్చిండు. గుండ్రటి పుట్టిల ఏరు దాటి అటు ఆత్మకూరు, ఇటు గద్వాల తిరిగే ముసలాయన. "మీవాళ్లందరూ బాగున్నరు బిడ్డా. మీ ఆయన మేనత్త బిడ్డ గుడ వచ్చింది. మగ్గం ఆగలే" అన్నడు. మంచి మాటే చెప్పిన అనుకున్నడు పాపం. నా గుండెల రాయి పడ్డది. ఆ పిల్లను ఆయనకు చేద్దామని మొదట అనుకున్నరు, మాటలు కుదరక వదిలిన్రు. మగ్గం ఆగలేదంటే నా జాగల ఎవరు కూసున్నట్టు? ఆ పిల్ల గుడ పోగులు తెంపుతుందా? ఆయన వంగుతుండా? నాకు అన్నం సయించలేదు.

తెల్లారి సాయిబు మల్ల ఆత్మకూరు పోతుండని తెల్సి సందుల అడ్డం నిలబడ్డ.

"చాచా, నాకు జరమొచ్చిందని ఆయనకు చెప్పు. లేవలేకుండ ఉన్నదని చెప్పు."

"తోబా తోబా! మంచిగనే ఉన్నవు గదమ్మా!"

"గట్లనే చెప్పు చాచా. నీ కాళ్లు మొక్కుత."

ముసలాయన నా మొగం చూసి, తలకాయ ఊపుకుంట పోయిండు. ఉత్తగ రమ్మన్నదని చెప్పమనొచ్చు. ఆ మాట నోట్లెకు రాలేదు. కొత్త పెండ్లాం మొగున్ని రమ్మని కబురు పంపితే నలుగురు నవ్వుతరని సిగ్గు. జూటా చెప్పనీకి మాత్రం సిగ్గు లేకపాయె!

ఆ మాపటికి కృష్ణకు వరదొచ్చింది. మీద యాడనో వానలు పడ్డయంట. మర్నాడు ఏటి దిక్కు నుంచి మర్లి వచ్చిన ఆడోళ్లు చెప్పుకుంట వస్తున్నరు. పుట్టిలు ఒడ్డుకు లాగి బోర్లేసిన్రంట, ఎవరినీ ఎక్కించుకుంటలేరంట. అవతలి ఒడ్డు మీద ఒకాయన ఎవరెంత చెప్పినా వినకుండ నీళ్లల్ల దిగిండంట.

"ఎట్లుండె ఆయన? పిల్లగాడా, పెద్దోడా?" అని ఉరికిపోయి అడిగిన.

"ఏమో తల్లీ, తలకాయ ఒక్కటే కనబడ్డది. తర్వాత అది గుడ కనబడలే."

రైలుంది గదా, రైలుల వస్తడులె అని మనసుకు చెప్పుకుంటి. రైలెక్కాలంటే ముందు వనపర్తి రోడ్డు టేషన్ దాక నడవాలె, ఆడ బండి కోసం కాసుకోని కూసోవాలె. పెండ్లాం లేవలేకుండ ఉన్నదంటే బండి కోసం ఆగే మనిషా ఆయన? కాడు. నాకు తెల్సు. తెల్సే గదా గా కబురు పంపింది! "ఏందే, మొగం గట్లయింది?" అని అమ్మ అడిగితే కడుపునొప్పి అన్న. ఇంకో జూటా. తెల్సిన దేవుండ్లందరికీ మొక్కిన. ఆ పిల్లనే చేసుకోనీ, నన్ను వదిలెయ్యనీ, ఆయన బతికుంటే చాలని మొక్కిన.

పొద్దు వాలే యాళ్లకు వచ్చిండు. నడుముకు ఎండు సొరకాయ బుర్రలు రెండు కట్టుకొని ఈదిండంట. ధోతి చినిగింది, మోకాళ్లు కొట్టుకపోయినయి, పెదవులు నల్లగైనయి. వాకిట్ల నిలబడి నన్ను కిందికెళ్లి మీదిదాక చూసిండు.

"జరం?" అన్నడు.

"తగ్గింది" అన్న. ఆయన అరుగు మీద కూలబడ్డడు.

దీపాలు పెట్టేసరికి ఆయనకే జరమొచ్చింది. గడప దాటిస్తే కీడని అమ్మ అరుగు మీదనే చాప పరిచి గొంగడి కప్పింది. వాన జల్లు అరుగు మీదికి కొడుతుంది. ఆయన ఒళ్లు పెనం లెక్క కాలుతుంది, పండ్లు టకటక కొట్టుకుంటున్నయి.

"అమ్మా, లోపలికి తీస్కపోదాం."

"వద్దే. నాకేమైతే ఏంది, నేను మొగడు లేనిదాన్ని. ఆ పిల్లగానికి ఏమన్నా అయితే?"

"ఇంకేం కావాలె? మనిషి చలికి సస్తుంటే నీకు ఆషాఢం కావాల్నా!"

నేను మా అమ్మ మీద గట్ల అరిసింది అదే మొదటిసారి. ఆయన చంకల కింద చేతులు పెట్టి నేనే లాగిన. గడప కాడ నా బలం చాలలేదు. అమ్మ జరసేపు చూసి, ఏడ్సుకుంట వచ్చి ఆయన కాళ్లు పట్టింది.

రెండు దినాలు కండ్లు సరిగ తెరవలేదు. ఏమేమో కలవరించిండు. నేను తడిగుడ్డ నుదుటి మీద పెట్టుకుంట, ఈయన పోతే చంపింది నేనే అనుకుంట కూసున్న. ఏడుపు గుడ రాలేదు, ఉత్త భయం. మూడోనాటికి చెమట పట్టింది. జొన్న గంజి తాగి గోడకు ఒరిగి కూసున్నడు. అమ్మ నీళ్లకు పోయింది. నేను ఇంక ఆగలేకపోయిన.

"నాకు జరం రాలే. జూటా చెప్పి పంపిన. నా జాగల మీ మేనత్త బిడ్డ కూసుంటుందని అనుకున్న."

ఆయన గంజి గిన్నె పక్కకు జరిపిండు.

"ఆ పిల్ల పొయ్యి కాడ ఉన్నది. మగ్గం కాడ అమ్మ కూసుంది" అన్నడు. గొంగడి దగ్గరికి లాక్కొని, "ఏటి నడుమ సొరబుర్ర ఒకటి పగిలింది. అప్పుడు గుడ నేను మునుగుత అనుకోలే. నేను వచ్చేసరికి నువ్వు ఉంటవా ఉండవా అనే పరేషాన్ల ఉన్న" అన్నడు.

తిడతడనుకున్న. తిడితే బాగుండేది. నాకు తలకాయ ఎత్తనీకి మొగం లేకపాయె. చిన్న వయసుల పెండ్లయితే ఇష్టం ఉరికొస్తది గని, నమ్మనీకి చాన దినాలు పడతది. నాకు ఆ పూట తెల్సింది.

"ఇంకెన్నడూ బాగలేదని కబురు పంపకు" అన్నడు, గొంతు బొంగురుగనే ఉంది. "నిజంగ బాగలేకున్నా గట్ల పంపకు. రమ్మను. వస్త."

తర్వాత ముప్పై ఏండ్ల కాపురంల నాకు ఎన్నిసార్లు బాగలేకపాయెనో. కాన్పులల్ల రెండుసార్లు చావు దాక పోయిన. ఎన్నడూ జబ్బని చెప్పి పంపలేదు. రమ్మన్నదని చెప్పుండ్రి, అంతే అంటుంటి. ఆయన ఎందుకని అడగకుండనే వస్తుండె.