తలుపు పక్క బెర్త్

మంగళవారం ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు మా ఫుట్‌బాల్ జట్టు మేనేజర్ గారు గుణదలలోని తన ఇంట్లో గుండెపోటుతో పోయారు. క్వార్టర్ ఫైనల్‌కు ఇంకా అయిదు రోజులుంది. మధ్యాహ్నం నమాజు తర్వాత ఖననం జరిగింది. జట్టులో పద్దెనిమిది మందీ వచ్చారు. ఖబరస్తాన్ బయట ఒకరినొకరు చూసుకుంటూ నిలబడ్డారు. అంతవరకు వాళ్లను లెక్కపెట్టి బయల్దేరదీసింది ఆయనే.

ఆయనకు బెంజ్ సర్కిల్ దగ్గర కళ్లజోళ్ల షాపు ఉంది. జాతీయ నాకౌట్ కప్పు మొదలైతే షాపు కూతురికి అప్పజెప్పి జట్టు వెంట వెళ్లేవారు. ఆటగాళ్లు ఆయన్ని చాచా అనేవారు. పత్రిక విలేకరిగా వాళ్ల వెంట తిరిగే నేను మేనేజర్ గారూ అనేవాణ్ణి.

ఆయన పద్ధతి ఒకటి జట్టులో ఎవరికీ నచ్చేది కాదు. మ్యాచ్ తేదీ తెలియగానే, మ్యాచ్ రోజు సాయంత్రం బండికే అందరికీ తిరుగు టికెట్లు తీసేవారు. ఇంకా బంతిని తన్నకముందే ఓడిపోయి ఇంటికి వచ్చే ఏర్పాటన్నమాట. గెలిస్తే రద్దు చేయించి, తర్వాతి మ్యాచ్ రోజుకు మళ్లీ తీసేవారు.

ఈ సీజన్ మొదటి రౌండ్ నాగపూర్‌లో. వారం ముందు విజయవాడ స్టేషన్ రిజర్వేషన్ కౌంటర్ దగ్గర ఆయన ఫారాలు నింపుతూ కనిపించారు. పక్కన గోల్‌కీపర్ ఉన్నాడు.

"ఆడకముందే ఇంటికి పంపిస్తున్నారేంటి చాచా? అపశకునం కాదూ?"

"గెలువు. నీ ఎదురుగానే క్యాన్సిల్ చేయిస్తా."

నేను దాన్ని వార్త చేశాను. 'ఓటమికి ముందే టికెట్లు' అని శీర్షిక పెట్టాను. వాస్తవాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఎందుకు తీస్తున్నారని మాత్రం ఆయన్ని అడగలేదు. ఇరవై ఎనిమిదేళ్ల ఉద్యోగంలో నేను చేసిన తప్పుల్లో నాకు బాగా గుర్తుండేది ఇదే.

రెండు రోజులకు షాపుకు రమ్మని ఫోన్ చేశారు. గొడవ పడతారనుకున్నాను. కుర్చీలో కూర్చోబెట్టి, కంటి పరీక్షకు అద్దాలు మార్చే ఇనుప ఫ్రేము నా ముక్కు మీద పెట్టారు.

"ఎన్నాళ్లైందండీ చూపించుకుని? అక్షరాలు దగ్గర పెట్టుకుని చదువుతున్నారు."

అద్దాలు మారుస్తూనే చెప్పారు. ఆయన ఆడే రోజుల్లో జట్టు ఇదే కప్పు రెండో రౌండ్‌లో ఓడింది. నాకౌట్‌లో ఓడిన జట్టుకు నిర్వాహకులు ఆ సాయంత్రమే గది ఖాళీ చేయించేవాళ్లు. రిజర్వేషన్ లేదు. జనరల్ పెట్టెలో నిలబడే చోటు లేదు. ఆయనా, మైలవరం నుంచి వచ్చిన స్నేహితుడూ తలుపు దగ్గర కాళ్లు బయటికి వేలాడేసి కూర్చున్నారు. ఒకరు నిద్రపోతే ఇంకొకరు పట్టుకోవాలని ఒప్పందం.

"తెల్లారగట్ల కళ్లు తెరిచానండీ. పక్కన చోటు ఖాళీగా ఉంది. ఏ ఊరి దగ్గరో కూడా తెలీదు."

మైలవరం వెళ్లి ఆ తల్లికి చెప్పింది ఆయనే.

"ఆవిడ నన్ను తిట్టలేదండీ. 'నిద్రపోయావా నాయనా?' అనడిగింది. అంతే."

అప్పుడు నా కళ్ల ముందున్న అద్దంలోంచి ఆయన ముఖం మసకగా కనిపించింది. కావాలనే ఆ అద్దం పెట్టారేమో, నేను అడగలేదు.

"నేనుండగా ఇది రాయకండి. పిల్లలకి నా భయం అంటుకుంటుంది. కాళ్లు వణికేవాడు బంతేం ఆడతాడు?"

రాయలేదు.

నాగపూర్‌లో మొదటి మ్యాచ్ గెలిచారు. జట్టంతా బురద బట్టలతోనే స్టేషన్‌కు వెళ్లి, ఆయన టికెట్లు రద్దు చేయిస్తుంటే చప్పట్లు కొట్టింది. కౌంటర్‌లో మనిషి కళ్లద్దాలు పైకెత్తి అందరినీ చూశాడు. అక్కడే ఆడిన రెండో మ్యాచ్ పెనాల్టీల దాకా వెళ్లింది. ఆయన గోల్‌పోస్టు వైపు చూడలేదు. గోడవైపు తిరిగి, చేతిలో టికెట్లు పట్టుకుని నిలబడ్డారు. అరుపులు విని, "మనవాళ్లవేనా అండీ?" అని నన్నడిగారు. మనవాళ్లవే. క్వార్టర్ ఫైనల్‌కు మూడు వారాల గడువుండటంతో ఆ సాయంత్రం అవే టికెట్ల మీద ఇంటికి బయల్దేరాం.

ఏ బెర్త్ వచ్చినా ఆయన బతిమాలి తలుపు పక్కదానికి మార్చుకునేవారు. దాని మీద పడుకోరు. కూర్చుని, కాళ్లు దారికి అడ్డంగా చాపుతారు. తలుపు వైపు వెళ్లాలంటే ఎవరైనా ఆ కాళ్లను తట్టి లేపాల్సిందే. ఆటగాళ్లు దాన్ని టోల్‌గేటు అని ఎగతాళి చేసేవాళ్లు.

"ఓడిన బండిలో తలొంచుకుని పడుకుంటారండీ. గెలిచిన బండికే ఎక్కువ భయపడాలి" అన్నారు నాతో.

ఆ ప్రయాణంలో తెల్లవారుతుండగా నాకు మెలకువ వచ్చింది. ఆయన తల పక్కకు వాలి ఉంది. ఎడమచెయ్యి ఛాతీ మీద ఉంది. ఎదురు బెర్త్ మీద గోల్‌కీపర్ లేడు. భుజం తట్టాను. ఆయన కళ్లు తెరిచి ఖాళీ బెర్త్‌ను చూశారు. చెప్పులు లేకుండా పరిగెత్తారు.

గోల్‌కీపర్ తలుపు దగ్గర మెట్టు మీద కాళ్లు వేలాడేసి, చెవుల్లో పాటలు పెట్టుకుని కూర్చున్నాడు. కింద గోదావరో, మరో నదో, వంతెన కమ్మీలు వేగంగా వెనక్కి పోతున్నాయి. ఆయన రెండు చేతులతో చొక్కా పట్టి లోపలికి లాగారు. ఇద్దరూ నేల మీద పడ్డారు.

"చాచా, నేను గోల్‌కీపర్ని. పట్టుకోవడం నా పనేగా!"

"బంతిని పట్టుకోరా. తలుపుని కాదు."

అతను నవ్వాడు. ఆయన నవ్వలేదు. లేవడానికి నా చెయ్యి అందుకున్నారు. ఆ చెయ్యి చల్లగా ఉంది. డాక్టరుకు చూపించుకోమన్నాను. "క్వార్టర్ అయ్యాక" అన్నారు. నేను మళ్లీ అడగలేదు.

ఖననం అయ్యాక కెప్టెన్‌ను పక్కకు పిలిచి మైలవరం సంగతి చెప్పాను. ఆయన పెట్టిన గడువు తీరింది కాబట్టి ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

"మేం టోల్‌గేటు అన్నామండీ" అన్నాడు కెప్టెన్.

"నేను ఇంకా పెద్ద అక్షరాల్లో అన్నాను" అన్నాను.

బుధవారం షాపుకు వెళ్లాం. కూతురు సొరుగులోంచి నాలుగు రిజర్వేషన్ ఫారాలు తీసిచ్చింది. సోమవారమే నింపి పెట్టారట. పేర్లు, వయసులు, అన్నీ ఆయన చేతిరాతే. మొదటి పేరు ఆయనది.

కౌంటర్ దగ్గర కెప్టెన్ పెన్ను తీసి, ఆ పేరు మీద పెట్టి ఆగిపోయాడు.

"తొంభై నిమిషాలు ఆడాక నేను మెలకువగా ఉండలేనండీ. నాకదే భయంగా ఉంది. ఎవరుంటారు?"

పెన్ను తీసుకుని ఆ పేరు నేనే కొట్టేశాను. పక్కన నా పేరు, వయసు రాశాను.

క్వార్టర్ ఫైనల్ ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు కటక్‌లో. బండి సాయంత్రం ఏడున్నరకు. గెలిస్తే ఆరింటికల్లా కౌంటర్‌కు వెళ్లి టికెట్లు రద్దు చేయించాలి, చప్పట్లతో సహా. ఓడితే, తలుపు పక్క బెర్త్ ఎవరికి వచ్చిందో వెతికి, బతిమాలి మార్చుకుని, తెల్లారేదాకా కాళ్లు దారికి అడ్డంగా చాపుకుని కూర్చోవాలి.