కాకి రాని మడుగు

ఫిజీలోని సబేటో పైన ఎండు కొండల మధ్య ఉన్న లోయకు ఇప్పుడు రెండు కాలిబాటలున్నాయి. ఒకటి అంచు మీదుగా పోతుంది, రెండోది వాగురాళ్ళ వెంట మడుగు దాకా దిగుతుంది. ఆదివారాల్లో లోవు ఊరి కుర్రాళ్ళు వచ్చి బండ మీంచి దూకి ఈత కొడతారు. మొన్న నేనూ వెళ్ళి కూర్చున్నాను. నీళ్ళు చల్లగా ఉన్నాయి, దిగు తాతా అన్నారు. దిగలేదు.

చెరకు తోటల్లో ఐదేళ్ళ ఒప్పందపు కూలీలుగా ఉన్న గిర్మిట్ రోజుల్లో అక్కడ బాట లేదు. వానల్లేని నెలల్లో కొండగడ్డి ఎండి కాళ్ళను గీరేది. వాగు ఆగిపోయి మడుగు ఒక్కటే మిగిలేది. అలాంటి ఒక ఆదివారం ముగ్గురం ఎక్కాం: ఒకావిడ, కూలీ లైన్లలో ఆమె పక్కగది ముసలాయన, నేను. ఆవిడ మొగుడు ఎస్టేటు ఆసుపత్రిలో రక్తవిరేచనాలతో పోయాడు. పదోరోజు బుధవారం పడింది. పూడ్చడానికి ఒక పూట వదిలారు గాని, దినానికి వదల్లేదు. అందుకే ఆదివారం.

వాళ్ళకు పిల్లల్లేరు. మా లైన్లలో బ్రాహ్మడూ లేడు. ఒకే ఓడలో వచ్చినవాడు తోడబుట్టినవాడి కింద లెక్క గనుక పిండం నా చేతికొచ్చింది.

ఫిజీలో కాకి లేదు. దిగిన కొద్ది రోజులకే ఆ సంగతి అందరికీ తెలిసిపోయేది. అయినా ఎవరు పోయినా మళ్ళీ ఆకాశం కేసి చూసేవాళ్ళం. కాకి ముట్టకపోతే పోయినవాడికి ఏదో కోరిక మిగిలిందని అర్థం. అదేమిటో ఊహించి, తీరుస్తామని పైకి చెప్పాలి. అలా ఇచ్చిన మాట తప్పకూడదు. కట్టెలకు వెళ్ళినప్పుడు ఆ లోయలో నల్లపిట్టను చూశానని ముసలాయన అన్నాడు. "కాకికి సుట్టవేనే పిల్లా. రంగు అదే."

మడుగు కొండకింది ఊరివాళ్ళది. వాళ్ళ పెద్దకు, వాళ్ళు దంచి నీళ్ళలో కలుపుకు తాగే యంగోనా వేళ్ళ కట్ట ఇచ్చి అనుమతి అడిగాం. ఆయన ఎందుకని అడగలేదు.

బండ మీద పిండం పెట్టి, నీళ్ళు వదిలి, వెనక్కి వచ్చి కూర్చున్నాం. ముసలాయన నోటికి చేతులు అడ్డం పెట్టుకుని కా, కా అని పిలిచాడు.

"తాతా, నువ్వే ఎగిరెల్లి ముట్టేసీలాగున్నావు" అందావిడ. ఆ రోజు ఆమె నవ్విందంటే అప్పుడే.

"ఆడికేటి కావాలో సెప్పు పిల్లా."

"సేపల పులుసు పెడతాను మావా. నీ కంబళి ఎవులికీ ఇవ్వను" అని మొగుడికి చెప్పింది.

నల్లపిట్ట వచ్చింది. పిండం చుట్టూ గెంతింది, మడుగులో నీళ్ళు తాగింది, వెళ్ళిపోయింది.

ముసలాయన గొంతు తగ్గించాడు. "ఆడికి పులుసు కాదే, ఊరు కావాల. గిర్మిట్ అయినాక ఎల్లి ఆళ్ళమ్మకాడ ఉంటానను. ఒక్క మాటే. పిట్ట వచ్చేత్తాది."

వేరే కులం పిల్లను తెచ్చాడని ఆ అత్తే పేడనీళ్ళు కుమ్మరించి ఇద్దర్నీ గడప దింపింది. ఈ కథ లైన్లలో అందరికీ తెలుసు. ముసలాయనకూ తెలుసు.

"అను పిల్లా. మొగుడు గాలిలో తిరుగుతుంటే నువ్వు అన్నం తింటావా?"

ఎండ లోయ అంచు దాటిపోయింది. చీకటిపడే లోపల లైన్లలో ఉండకపోతే కూలీల మీది సర్దారు ఊరుకోడు. ఆవిడ లేచి బండ దగ్గరికి వెళ్ళింది. అరవలేదు. ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడింది.

"బర్మా రంగం ఎల్దామన్నావు మావా. ఏలిముద్ర నాసేత కూడా నువ్వే ఎయించినావు. ఓడెక్కినాక కదా రంగం కాదని తెలిసింది. ఆ ఇంటికి నాను ఎల్లను. కాకి రానేదని నామీద పెట్టీకు. కాకి నేని దేశానికి తెచ్చింది నువ్వు."

పిండాన్ని చేత్తో మడుగులోకి తోసేసింది. చిన్న చేపలు మూగాయి.

"పాపం తగుల్తాది పిల్లా" అన్నాడు ముసలాయన.

"నాకేనా తాతా?"

దిగేటప్పుడు ఆయన ఆమెకు దూరంగా ముందు నడిచాడు. ఆ వారంలోనే కథ లైన్లన్నీ తిరిగింది. ఆడవాళ్ళు ఆమె పొయ్యిలోంచి నిప్పు తీసుకోవడం మానేశారు. గిర్మిట్ తీరాక సబేటోలో చెరకు వేసుకుంది. చుట్టుపక్కల ఎవరి దూడ చచ్చినా, ఎవరి తోట తగలబడినా ఆమె మొగుడే తిరుగుతున్నాడనేవాళ్ళు. ఊరి నుంచి మోసుకొచ్చిన వాటిలో మాకు చెక్కుచెదరకుండా మిగిలింది ఈ గుణం ఒక్కటే.

ఆఖరి జబ్బులో చూడ్డానికి వెళ్ళాను. మంచం పక్కన నేను తప్ప ఎవరూ లేరు.

"నాకు పిండం పెట్టీకు తమ్ముడా" అంది. "పెట్టి, పిట్ట కోసం కూకోని, నాకేటి కావాలో ఈలందరూ సెప్పీడం నాకొద్దు."

పెట్టలేదు. అందుకు నన్ను కూడా కొన్నాళ్ళు పెళ్ళిళ్ళకు పిలవలేదు.