రోడ్డు మీద రుబ్బురోలు ముక్క

నా చేతిరాత బాగోదు. ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి, తప్పులుంటాయి, మన్నించాలి. మొన్న పొద్దున్న పాలకేంద్రంలో పాలు పోసి వస్తుంటే, అక్కడ కొలత రాసే ఆయన చెప్పాడు, మన పశువుల కాంపౌండరుగారు పోయారని. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. ఖాళీ క్యాను సైకిలుకి తగిలించుకుని ఇంటిదాకా నడిచే వచ్చాను. ఎక్కి తొక్కాలని తోచలేదు.

నలుగురిలో మాట్లాడలేని మనిషిని నేను. ఆయన గురించి ఇన్నేళ్ళు దాచుకున్న మాట ఒకటి ఉంది. అది రాయాలని ఆ రోజే గట్టిగా అనుకున్నాను.

ఆయన మా ఊరి పశువుల ఆస్పత్రికి వచ్చేనాటికి ఈ చుట్టుపక్కల హెల్మెట్ పెట్టుకునే మనిషి లేడు. ఆయనకి ఎర్రది ఉండేది. "తల మీద ఆ కుండేంటండీ" అని పాలకేంద్రం దగ్గర నవ్వేవారు. "లోపల ఉన్నది ఒక్కటేనండి. పగిలితే కాకినాడలో కూడా దొరకదు" అనేవారాయన. కళ్ళద్దాలు చొక్కా అంచుతో తుడుచుకుని, రెండు బ్రేకులూ నొక్కి చూసుకుని, అప్పుడు బండి స్టార్టు చేసేవారు. ఎంత తొందరలో ఉన్నా అంతే. స్టార్టయ్యాక మాత్రం ఆయన్ని పట్టుకోలేం.

ఒకసారి మా గేదె చేలో బురదలో కూలబడిపోతే ఆయన వెనకాల ఎక్కాను. నేను మోటారుసైకిలు ఎక్కడం అదే మొదలు. కాలవగట్టు మీదికి రాగానే కళ్ళు మూసుకున్నాను.

"నా చొక్కా వదిలి సీటు పట్టుకోండి. చిరిగితే మా ఆవిడ మిమ్మల్నే అడుగుద్ది."

"ఆయ్" అన్నాను గాని వదల్లేదు. కాసేపటికి కళ్ళు తెరిచాను. వరిచేలు పచ్చగా వెనక్కి జారిపోతున్నాయి. చెవుల్లో గాలి హోరు. భయం పోలేదు, అయినా దిగాలనిపించలేదు. దిగాక నేను తూలుతూ నడుస్తుంటే పక్క చేను కుర్రరైతు చూసి, "ఏంటి బాబాయి, యానాం వెళ్ళొచ్చావా" అన్నాడు. అక్కడ మందు చవక లెండి. కాంపౌండరుగారు నవ్వి, "పశువు కోసం ఇంత జోరుగా వస్తానని అందరూ అనుకుంటారండి. సగం ఆ గాలి కోసమే" అన్నారు. ఆ మాట నాకెంతో నచ్చింది. దాచుకోకుండా చెప్పారు.

ఇక నేను దాచుకున్నది. ఆ ఏడు సార్వా వరికోతలయ్యాక మా ధాన్యం కాలవగట్టు రోడ్డు మీదే ఆరబోశాను. అందరం అలాగే చేస్తాం. కింద పరిచిన బరకాలు గాలికి లేవకుండా అంచుల్లో రాళ్ళు పెడతాం. సాయంత్రం ధాన్యం ఎత్తి ఇంటికి తోలుకుంటాం గాని, మళ్ళీ రేపు కావాలి కదా అని రాళ్ళు రోడ్డు మీదే వదిలేస్తాం. నేనూ వదిలేశాను.

మర్నాడు తెల్లారేసరికి చెయ్యి చాపితే కనబడనంత మంచు. మా గేదె ఈనలేక అవస్థ పడుతోంది. నేనే కబురు పెట్టాను. పాక దగ్గర నిలబడి వింటున్నాను. బండి చప్పుడు దగ్గరికి వచ్చి వచ్చి, ఒక్కసారిగా ఆగిపోయింది.

పరిగెత్తాను. ఆయన రోడ్డు మీద భుజం పట్టుకుని కూర్చున్నారు. ఎర్ర హెల్మెట్ ఒక పక్క చీలింది. చక్రం దగ్గర విరిగిన రుబ్బురోలు ముక్క. మా ఇంటిదే, నేను పెట్టిందే.

జనం మూగారు. ఆయన ఆ ముక్కకేసి చూశారు, నాకేసి చూశారు. "కుక్క అడ్డం వచ్చిందండి" అన్నారు వాళ్ళతో. నేను వంగి బండి లేపి నిలబెట్టాను. ఆస్పత్రికి పదండంటే వినకుండా మా పాకలోకి నడిచొచ్చి, కుడిచెయ్యి గుండెలకి అదుముకుని, పని నా చేత చేయించారు. "ముందుకాళ్ళు దొరికాయా? ఆగండి. అది ముక్కినప్పుడే లాగాలి." పెయ్యదూడ పుట్టింది. అప్పుడు గోడకి చేరగిలబడి కళ్ళు మూసుకున్నారు.

భుజం అతుక్కోవడానికి రెండు నెలలు పట్టింది. మళ్ళీ అదే బండి మీద వచ్చారు, కొత్త హెల్మెట్‌తో.

"ఇంకా ఎందుకండీ ఆ బండి, హాయిగా సైకిలు కొనుక్కోండి" అన్నారు పాలకేంద్రం దగ్గర.

"పడతానని నాకూ భయమేనండి. భయం ఉండబట్టే ఇది నెత్తిన పెట్టుకుంటున్నాను. సైకిలు మీద వస్తే ఆ రోజు దూడ దక్కేదా? పోనీ దూడ సంగతి వదిలేయండి. గట్టు మీద ఆ గాలి తగిలితే నా విసుగంతా పోద్ది. బండి అమ్మేస్తే దానికి బదులు ఏమిస్తారు మీరు?"

వెళ్తూ వెళ్తూ నా పక్కన ఆపారు.

"మీ ఇంట్లో రుబ్బురోలు విరిగిందాండి?"

"ఆయ్."

"ఆ ముక్క ఇంకా రోడ్డు మీదుంటే ఇంటికి పట్టుకెళ్ళిపోండి."

అంతే. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఆ ముక్క నేను ఆయన పడిన రోజే ఇంటికి తెచ్చేశాను. కానీ తప్పు నాదండీ అని ఆయనతో ఒక్కసారీ అనలేకపోయాను. రిటైరై ఊరు వదిలి వెళ్ళేనాడు కూడా చేతులు జోడించి ఊరుకున్నాను. ఆయన బండి ఎక్కడం తప్పని నేననను. జాగ్రత్తలో ఆయన వంతు ఆయన చేసుకున్నారు. మిగతా సగం మాది. అది మేం చెయ్యలేదు.

ఇప్పుడు మళ్ళీ ఆరబోతల రోజులు వస్తున్నాయి. ఈసారి మా బరకాల మీద రాళ్ళు ఉండవు. చిన్న సంచుల్లో ఇసక నింపి కుట్టాను, అవే బరువు పెడతాను. ఇంకెవరైనా వదిలేసిన రాళ్ళు సాయంత్రం కాలవ లాకుల దాకా నడిచి నేనే తట్టకెత్తుతాను. "ఇల్లు కడతావా బాబాయి" అంటారు. అననివ్వండి. నాలో ఓపికున్నంత కాలం ఎత్తుతాను.

ఇది చదివిన మీదీ ఇలాంటి ఊరే అయితే, మీ రోడ్డు మీద రాళ్ళు తీశారో లేదో నాకు రెండు ముక్కలు రాయండి. ఆలస్యం చెయ్యకండి, కోతలు దగ్గరికొచ్చేశాయి.

ఆ రుబ్బురోలు ముక్క మీద కూర్చునే పాలు పిండుకుంటున్నాను. ఆనాటి పెయ్యే ఇప్పుడు పాలిస్తోంది. గట్టు మీద మోటారుసైకిలు వినబడితే నా చెయ్యి ఆగిపోతుంది. గేదె తల తిప్పి చూస్తుంది. ఆ చప్పుడు ఎక్కడా ఆగకుండా లాకులు దాటిపోయాకే మళ్ళీ పొదుగు పట్టుకుంటాను.