సార్ రాసిన నాలుగో కాగితం

పదేళ్లుగా నా సొరుగులో ఒక కాగితం ఉంది. రెండుసార్లు ఇల్లు మారాను. అది నాతోనే వచ్చింది. కాగితం బరువెంతని? దాని గురించి నేనాడిన అబద్ధాన్నే ఇన్నాళ్లూ మోస్తున్నాను. మీకైనా చెప్పాలి.

అశోక్‌నగర్‌లో ఉండే భౌతికశాస్త్రం లెక్చరర్ ఒకరు, రిటైరయ్యాక, మా పత్రికలో నేను చూసే ఆదివారం పేజీకి చేత్తో వ్యాసాలు రాసి తెచ్చేవారు. గెలాక్సీ అంచున నక్షత్రాలు ఉండాల్సిన దానికంటే వేగంగా తిరుగుతాయి. కంటికి కనబడని కృష్ణపదార్థమేదో వాటిని లాగుతోందని ఎక్కువమంది శాస్త్రవేత్తలు అంటారు. సార్ మాత్రం, అంత దూరంలో గురుత్వాకర్షణ సూత్రమే మారుతుందేమో అనేవారు. ఇంటర్నెట్‌లో దొరికే కొలతలు తీసుకుని, మూడేళ్లు లెక్కలు వేసి, నాలుగు కాగితాల వ్యాసం కవర్లో పెట్టి తెచ్చారు.

ఆ వారం పేజీలోకి ప్రకటన వచ్చింది. చోటు తగ్గితే వ్యాసం తోక కత్తిరించడం మా అలవాటు. వార్తలో ముఖ్యమైనది ముందే ఉంటుంది. సార్ లెక్కల మనిషి, ఫలితం చివరనే రాస్తారని నాకెందుకు తట్టలేదు? నాలుగో కాగితం చదవకుండానే పక్కన పెట్టి, 'కృష్ణపదార్థం లేదు' అని శీర్షిక పెట్టాను.

సోమవారం చిక్కడపల్లి లైబ్రరీ దగ్గర మిత్రులు ఆయన్ను పట్టుకున్నారు. "ఏంది సార్, కృష్ణపదార్థాన్నే మాయం జేసినవంట. జర మా గల్లీల దోమల సంగతి గూడ చూడు." మధ్యాహ్నం నారాయణగూడలో చాయ్ తాగుతూ ఆ మాట ఆయనే నవ్వుతూ నాకు చెప్పారు. తర్వాత అడిగారు.

"తమ్మీ, ఆఖరి కాగితం ఏమైంది?"

సవరణ వేయాలంటే ఎడిటర్ ముందు నిలబడాలి. అదొక్కటే నా భయం.

"కవర్ల మూడే ఉండె సార్."

"మూడేనా?" కప్పు కింద పెట్టారు. "అయితే నేనే మరిచిన. నెత్తి మీద అద్దాలు వెట్టుకొని ఇల్లంత దేవులాడుతనని మా ఇంటామె ఊకె అంటది. నిన్ను పరేషాన్ చేసిన, ఏమనుకోకు."

నాకు ఇంకో చాయ్ చెప్పారు. తాగాను.

తర్వాతి వ్యాసం తెచ్చినప్పుడు నా బల్ల ముందు నిలబడి కాగితాలు రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చారు. ఆ తర్వాత మరి తేలేదు. ఇప్పుడు ఇంటికి తాళం వేసి, గేటు దాకా వచ్చి, వేశానా అని భార్యను అడుగుతున్నారు. వయసా? నేను నాటిన అనుమానమా? నేను కనబడితే మాత్రం నేటికీ అదే పిలుపు: తమ్మీ, చాయ్ తాగుదాం రా.

సార్, ఈ పేజీ మీరు చదువుతారని తెలుసు. క్షమించమని అడగను. ఆ రోజు కవర్లో నాలుగూ ఉన్నాయి. మీరేమీ మరిచిపోలేదు. నాలుగోదాని చివరి మాటలు, ఒక్క అక్షరం తీయకుండా:

'నేను ఇష్టపడిన సూత్రం విడి గెలాక్సీలకు చక్కగా కుదిరింది. గెలాక్సీల గుంపుల దగ్గర కుదరలేదు. అక్కడ కనబడని పదార్థం ఉందనుకోక తప్పలేదు. కాబట్టి కృష్ణపదార్థం లేదని నేను అనలేను. పొరబడ్డానని చెప్పడానికి నాకు మొహమాటం లేదు.'